మార్లవాయి గోండీ, కార్ఖానా జర్మన్



పోయిన వారం మన గ్రూపుల ఒక అక్క అడిగింది. జీఎన్ఎం నర్సింగ్ అయిపోయింది, జర్మనీ పోవాలని ఉంది, ఫోన్‌ల యాప్ పెట్టుకుని జర్మన్ నేర్చుకుంటే సరిపోతదా, లేకపోతే కోచింగ్‌కు డబ్బులు కట్టాల్నా అని. కింద మస్తు కామెంట్లు వచ్చినయి. సగం మంది యాప్ పేర్లు రాసిండ్రు, సగం మంది కోచింగ్ సెంటర్ల పేర్లు రాసిండ్రు. ఒక అన్న అయితే "ముందు ఇంగ్లీష్ సక్కగ నేర్చుకోండి" అని రాసిండు. ఆ అన్నకు నమస్కారం పెట్టి పక్కకు జరుగుతున్న.

నేను బీఏ హిస్టరీ స్టూడెంట్‌ని. మూడు నెలల నుంచి నేను కూడా యాప్‌ల జర్మన్ చేస్తున్న. నా దగ్గర కామెంట్ సైజులో జవాబు లేదు. కానీ ఒక పరాయి భాషను ఎవరు, ఎందుకు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు అన్న చరిత్ర మనకు చాలా దగ్గరగా ఉంది. అది చెప్తే అక్క అడిగిన దానికి జవాబు అందులోనే దొరుకుతదని రాస్తున్న. పొడుగు పోస్ట్. ఓపిక ఉన్నోళ్లు చదవండి.

మా హాస్టల్ కార్ఖానా వైపు ఉంటది. జేబీఎస్ దాటి రాజీవ్ రహదారి ఎక్కితే తిరుమలగిరి కంటే ముందు వచ్చే ఏరియా. కరీంనగర్ మీదుగా మంచిర్యాల, ఆసిఫాబాద్ పోయే బస్సులు ఈ రోడ్డు మీదనే పోతయి, అందుకే మన పిల్లలకు ఈ పేరు బస్సు కిటికీలోంచి తెలుసు. కార్ఖానా అన్న మాట పారసీ నుంచి ఉర్దూలోకి వచ్చింది. కార్ అంటే పని, ఖానా అంటే చోటు. పని జరిగే చోటు. ఇది సైన్యం ఊరు. 1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ సైన్య సహకార ఒప్పందం జరిగింది. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగినయి. 1806లో ఆ దండు ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టిండ్రు. ఇప్పటికీ కార్ఖానా నుంచి తిరుమలగిరి దాకా నడిస్తే ఒక పక్క మామూలు ఇండ్లు, చాయ్ హోటళ్లు, ఇంకో పక్క మిలటరీ గోడలు కనిపిస్తయి.

ఇసొంటి కంటోన్మెంట్లల్ల భాష నేర్చుకోవడం ఒక డ్యూటీ. ఇష్టం ఉండి చేసేది కాదు. ఇండియన్ ఆర్మీలో పనిచేసే బ్రిటిష్ ఆఫీసర్ తన సిపాయిలతో మాట్లాడాలంటే హిందుస్తానీ రావాలి. దానికి సర్కారు పరీక్షలు పెట్టింది. లోయర్ స్టాండర్డ్, హయ్యర్ స్టాండర్డ్ అని రెండు మెట్లు. ఈ రోజు మనం ఏ1, ఏ2, బీ1, బీ2 అని లెక్కపెట్టుకుంటున్నట్టే. పాస్ కాకపోతే ముందుకు కదలడం కష్టం, పాసైతే బహుమానం డబ్బులు కూడా ఉండేవి. ఈ పరీక్షల కోసం ఫిలట్ అనే లెఫ్టినెంట్ కల్నల్ 1910లో హిందుస్తానీ మాన్యువల్ అని పుస్తకమే రాసిండు. ఆయన కలకత్తాలో పరీక్షల బోర్డు సెక్రటరీగా చేసిన మనిషి. పేపర్ ఇచ్చే ఆఫీసోళ్లే గైడ్ కూడా రాసిండ్రన్న మాట.

పుస్తకం ఉంది, పరీక్ష ఉంది. కానీ నేర్పింది ఎవరు? మున్షీ. నెలకు ఇంత అని జీతం తీసుకుని పొద్దున్నో సాయంత్రమో బంగళాకు వచ్చి, దొర పక్కన కూర్చుని, ఉచ్చారణ దిద్ది, తప్పు చదివితే ఓపికగా మళ్లీ చదివించిన మనిషి. పుస్తకాల మీద దొరల పేర్లు ఉన్నయి. మున్షీల పేర్లు చాలావరకు లేవు. మన తెలుగుకు సంబంధించి అదృష్టం కొద్దీ ఒక పేరు మిగిలింది. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్‌కు తెలుగు మొదలుపెట్టించింది వెలగపూడి కోదండరామ పంతులు. బ్రౌన్ నిఘంటువు గురించి ప్రతి తెలుగు వాచకంలో ఉంటది. పంతులు గురించి ఎంతమంది విన్నరు?

ఇంకో సంగతి. ఆ కాలం దొరల భాషా పుస్తకాలు చూస్తే వాటిల్ల వాక్యాలు ఎట్లుంటయంటే, నీళ్లు తే, గుర్రం కట్టు, దీపం పెట్టు, ఎందుకు ఆలస్యమైంది, పో. అన్నీ ఆజ్ఞలే. బెర్నార్డ్ కోన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1985లో దీని మీద ఒక పెద్ద వ్యాసం రాసిండు. భాష మీద అధికారం, అధికారం నడిపే భాష, ఈ రెండూ ఒకటేనని ఆయన వాదన. అది చదివినంక నేను యాప్‌ల వాక్యాలను కూడా వేరే కన్నుతో చూస్తున్న. యాప్ నాకు మొదట నేర్పినవి కాఫీ కావాలి, బిల్లు ఇవ్వండి, హోటల్ ఎక్కడ ఉంది లాంటివి. అంటే అది నన్ను టూరిస్టు అనుకుంటుంది. మన అక్క టూరిస్టుగా పోతలేదు. ఆమెకు కావాల్సింది "ఎక్కడ నొస్తుంది?", "రాత్రి నిద్ర పట్టిందా?", "ఈ గోళీ అన్నం తిన్నంక వేసుకోండి". దొర మున్షీ దగ్గర తనకు కావాల్సిన వాక్యాలు చెప్పించుకున్నడు. యాప్ దగ్గర మనం అడగలేము, అది ఇచ్చింది తీసుకోవాలి. ఇది చిన్న తేడా కాదు.

ఇప్పుడు అసలు మనకు సంబంధించిన కథకు వస్తున్న.

పరాయి భాష అంటే మనకు జర్మనో జపనీసో గుర్తొస్తది. కానీ మన దిక్కు వచ్చి మన భాషను పరాయి భాషగా నేర్చుకున్నోళ్లు ఉన్నరు. మొదటి పేరు గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని చేస్తరు. హాస్టల్‌ల వ్యాసరచన పోటీ కూడా పెడ్తరు. కానీ ఆ పోటీల రాసే పిల్లల్ల చాలామందికి తెలియని సగం కథ ఏందంటే, ఆయన పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉండంగ, చుట్టుపక్కల కొండల మీద ఉండే సవరల భాష నేర్చుకున్నడు. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లనే పెట్టుకుని నేర్చుకున్నడు. తర్వాత సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టిండు. 1931లో సవర భాష మీద మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీష్ నిఘంటువు వచ్చినయి. మొదలుపెట్టింది పందొమ్మిదో శతాబ్దం ఆఖర్ల, అంటే నలభై ఏండ్ల పని. ఆయన ఇంట్ల కూర్చుని ఒక్కో మాట చెప్పిన ఆ మనిషి కూడా మున్షీనే. ఆయన పేరు మీద ఏ దినోత్సవమూ లేదు.

రెండో పేరు మా దిక్కుది. మాది ఆసిఫాబాద్ జిల్లా, జైనూర్ అవతల. మార్లవాయి మాకు దగ్గర.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపిండ్రు. జల్, జంగల్, జమీన్ కొట్లాట అందరికీ తెలుసు, నేను మళ్లీ చెప్పను. నిజాం సర్కారుకు అప్పుడు గోండులు ఎందుకు తిరగబడ్డరో అర్థం చేసుకునే మనిషి కావాల్సి వచ్చింది. ఆ పనికి దొరికినాయన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిండు. మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన దగ్గర ఉన్నది జర్మన్ రైక్ పాస్‌పోర్టు. ఆస్ట్రియాను హిట్లర్ 1938లోనే కలిపేసుకున్నడు కదా. బ్రిటిష్ ఇండియాల శత్రుదేశపు మనిషి కింద లెక్క. ఆయనను పూర్తిగా జైల్ల పెట్టకుండా హైదరాబాద్ రాష్ట్రం దాటొద్దని కట్టడి చేసిండ్రు. అట్ల మన అడవులల్ల ఇరుక్కున్నడు. చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర పనిచేసి, ఆదిలాబాద్ వచ్చిండు. ఆయన భార్య బెట్టీ ఇంగ్లీష్ ఆమె. ఇద్దరూ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నరు.

ఆయన మాతృభాష జర్మన్. ఈ ముక్క నాకు తెలిసిందే కానీ మొన్న యాప్‌ల "డాస్ వాసర్" అంటే నీళ్లు అని నొక్కుతుంటే ఒక్కసారి తట్టింది. వాసర్ అని పుట్టిన మనిషి మా ఊళ్లకు వచ్చి ఏర్ అనడం నేర్చుకున్నడు. గోండీల ఏర్ అంటే నీళ్లు, తెలుగోళ్లకు ఏరు గుర్తొస్తది. ఎనభై ఏండ్లకు నేను ఏర్ అని పుట్టి, తెలుగుల నీళ్లు అని నేర్చి, ఇంగ్లీష్‌ల వాటర్ అని నేర్చి, ఇప్పుడు వాసర్ అని నొక్కుతున్న.

ఆయన గోండీ ఎట్ల నేర్చుకున్నడు? యాప్ సంగతి పక్కన పెట్టండి, సరైన వాచకమే లేదు. ఊరి మధ్యలో ఉండి నేర్చుకున్నడు. పండుగలల్ల కూర్చున్నడు, పర్ధానులు కీక్రీ వాయిస్తూ చెప్పే పెద్ద కథలు విని రాయించుకున్నడు. ఊరి పట్లాలు, పిల్లలు, ముసలోళ్లు, అందరూ ఆయన మున్షీలే. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. నేర్చుకున్న భాషను ఆయన ఊరికే పుస్తకం రాసుకోవడానికే వాడలేదు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ సెంటర్ పెట్టించిండు. చదువు గోండీల, లిపి దేవనాగరి, ఎందుకంటే అప్పుడు మా దిక్కు మరాఠీ నడిచేది. గోండీ వాచకాలు అచ్చేసిండ్రు. గోండు పిల్లగాడు మొదటి రోజు బడికి పోతే పంతులు చెప్పింది అర్థమయ్యే పరిస్థితి మొదటిసారి వచ్చింది. ఆ ట్రైనింగ్‌ల చదివినోళ్లు టీచర్లు, పట్వారీలు అయిండ్రు.

అది సర్కారు దానమని నేను అనుకోను. భీం చచ్చినంక సర్కారుకు పుట్టిన భయం నుంచి వచ్చింది. భీం గురించి కూడా మా దిక్కు చెప్పుకునేది ఉంది. కేసు నుంచి తప్పించుకుని చంద్రాపూర్ దిక్కు పోయినప్పుడు విఠోబా అనే ప్రెస్ ఆయన దగ్గర చదవడం, రాయడం, ఉర్దూ, హిందీ, ఇంగ్లీష్ నేర్చుకున్నడంటరు. అస్సాం తేయాకు తోటలల్ల కూడా పనిచేసిండంటరు. ఆయన కాలంల కోర్టు కాగితం, అడవి జవాను రసీదు, పట్టా, అన్నీ ఉర్దూలనే. రాష్ట్రంల ఉర్దూ 1880లల్ల పారసీ స్థానంల కూర్చుంది. తనమీద ఉన్న కేసేందో తెల్వాలంటే గోండుకు పరాయి భాష రావాలి. దొర ఆజ్ఞ ఇవ్వడానికి నేర్చుకున్నడు, మనోళ్లు మోసపోకుండా ఉండడానికి నేర్చుకున్నరు. హైమన్‌డార్ఫ్ ఈ రెంటికీ మధ్యల ఎక్కడో ఉన్నడు, ఆయన మీద నాకు ఉన్న గౌరవం ఆ మేరకు. ఆయన సర్కారు సలహాదారే, కానీ నేర్చుకున్న భాషను తిరిగి బడి రూపంల ఇచ్చిండు. బెట్టీ 1987ల హైదరాబాద్‌ల చనిపోయింది, ఆయన 1995ల లండన్‌ల. మార్లవాయిల ఇద్దరి సమాధులు పక్కపక్కన ఉన్నయి. చూడనోళ్లు ఒకసారి పోయి చూడండి.

ఆ గోండీ బడులు ఎక్కువ రోజులు నిలవలేదు. నిజాం రాజ్యం పోయింది, 1956ల ఆంధ్రప్రదేశ్ వచ్చింది, మెల్లగ అంతా తెలుగు మీడియం అయింది. నేను ఒకటో తరగతిల చేరినప్పుడు మా సారుకు గోండీ రాదు, నాకు తెలుగు రాదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ చాలా నెలలు గడిపినం. 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంల మాతృభాషల చదువు అని ఎనిమిది గిరిజన భాషలల్ల తెలుగు లిపితో వాచకాలు తెచ్చిండ్రు. గోండీ, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా. కొన్ని బడులకే చేరినయి. మా బడికి రాలేదు.

అంటే, ఇది జాగ్రత్తగా చూడండి, ఈ గ్రూపుల ఉన్న మనం అందరం ఇప్పటికే ఒకటో తరగతిల ఒక పరాయి భాషను ఏ యాప్ లేకుండా, ఏ కోచింగ్ లేకుండా నేర్చుకున్నోళ్లం. తర్వాత ఇంగ్లీష్. కొంతమందికి మధ్యల హిందీ, మరాఠీ. సిటీ పిల్లలు జర్మన్‌ను రెండో భాషో మూడో భాషో అనుకుని భయపడ్తరు. మనకు నాలుగోదో ఐదోదో. "నాకు భాషలు రావు" అని మన గ్రూపుల ఎవరైనా రాస్తే నాకు నవ్వొస్తది.

ఇగ ఫోన్ సంగతి.

మనం అందరం వాడే ఆకుపచ్చ గుడ్లగూబ యాప్ డ్యుయోలింగో. 2011ల లూయిస్ ఫాన్ ఆన్, సెవెరిన్ హ్యాకర్ అని ఇద్దరు అమెరికాల పిట్స్‌బర్గ్‌ల మొదలుపెట్టిండ్రు, 2012ల అందరికీ తెరిచిండ్రు. ఫాన్ ఆన్‌ది గ్వాటెమాలా. తమ దేశంల పేదోళ్లకు ఇంగ్లీష్ వస్తే బతుకు మారుతది, కానీ నేర్చుకోవడానికి డబ్బులుండాలి, అందుకే ఫ్రీగా పెట్టాలనుకున్నమని ఆయన చెప్పిండు. ఆ మాట నిజమే అనుకుంట. కానీ ఫ్రీ అన్నది ఎట్ల నడిచిందో కూడా తెలుసుకోవాలి. మొదట్ల నేర్చుకునేటోళ్లతోనే వార్తలు అనువాదం చేయించి సీఎన్ఎన్, బజ్‌ఫీడ్‌లకు అమ్మే పద్ధతి పెట్టిండ్రు. అంటే విద్యార్థే కూలి. తర్వాత అది బంద్ చేసి యాడ్స్, నెలవారీ చందా పెట్టిండ్రు. 2021ల కంపెనీ షేర్ మార్కెట్‌ల దిగింది.

లోపల నడిచే యంత్రం మాత్రం పాతది, మంచిది. 1885ల ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన తన మీద తానే ప్రయోగం చేసి, నేర్చుకున్నది ఎంత తొందరగా మర్చిపోతమో లెక్కగట్టిండు. మర్చిపోయే టైముకు సరిగ్గ మళ్లీ చూస్తే ఎక్కువ కాలం నిలుస్తది. 1972ల లైట్నర్ అనే ఆయన దీన్ని అట్ట డబ్బాగా మార్చిండు. ఒక్కో కార్డు మీద ఒక మాట, వచ్చిన మాట వెనక గదికి పోతది, రాని మాట ముందు గదికి వస్తది, ముందు గది రోజూ చూడాలి, వెనకది వారానికొకసారి. యాప్ చేసేది ఇదే, లెక్క ఫోన్ చేస్తది. మాటలు గుర్తుపెట్టుకోవడానికి ఏ మున్షీ కూడా ఇంత కచ్చితంగా వెంటపడలేడు. రాత్రి పదకొండుకు గుడ్లగూబ ఏడుపు ముఖం పెట్టుకుని "మర్చిపోయినవా" అంటే మా రూంల అందరం ఒకేసారి ఫోన్లు తీస్తం. రోజూ చేసిన లెక్క తెగిపోవద్దని. ఆ భయంల నేర్చుకున్నది ఎంత, నొక్కింది ఎంత అన్నది వేరే ముచ్చట.

ఏ భాష నుంచి నేర్చుకుంటున్నమన్నది ఎవరూ మాట్లాడరు, కానీ నా ఉద్దేశంల ఇదే పెద్ద సంగతి. మొన్నమొన్నటి దాకా ఆ యాప్‌ల జపనీస్ నేర్వాలంటే మనకు ఇంగ్లీష్ దారే ఉండేది. అంటే రాని ఇంగ్లీష్ మీద నిలబడి జపనీస్ అందుకోవాలి. 2025 ఏప్రిల్‌ల వాళ్లు ఒకేసారి 148 కోర్సులు తెరిచిండ్రు. అందుల తెలుగు నుంచి కూడా జర్మన్, జపనీస్, ఫ్రెంచ్ లాంటివి వచ్చినయి. మొదటి వంద కోర్సులకు పన్నెండేండ్లు పట్టింది, ఇవి ఏఐతోటి ఏడాదిల చేసినం అని వాళ్లే చెప్పుకున్నరు. వాక్యాలు అక్కడక్కడ మర మాట్లాడినట్టు ఉంటయి. అయినా తెలుగు దారి మంచిదని అంటున్న. ఎందుకో చూడండి. "వాతాషి వా మిజు ఓ నోమిమాసు" అంటే నేను నీళ్లు తాగుతాను. వాతాషి నేను, మిజు నీళ్లు, నోమిమాసు తాగుతాను. వరుస మన వరుసే. మధ్యల ఉన్న వా, ఓ అనేవి మన విభక్తుల్లాగ మాట వెనకే అతుక్కుంటయి. గోండీల కూడా క్రియ ఆఖర్ననే వస్తది. ఇంగ్లీష్ దారిల పోతే ఈ వాక్యాన్ని ఒకసారి తలకిందులు చేసి, మళ్లీ సీదా చేయాలి. జర్మన్‌ల కూడా "ఎందుకంటే" అని మొదలైన ముక్కల క్రియ చివరికి పోతది, ఇంగ్లీష్ మీడియం పిల్లలు అక్కడ తన్నుకుంటరు, మనకు ఇంటికొచ్చినట్టు ఉంటది. డెర్, డీ, డాస్ మాత్రం అందరికీ సమానంగా కష్టమే. దాంట్ల సామాజిక న్యాయం ఉంది.

కానీ యాప్ తెరవంగనే "మీకు ఏ భాష వచ్చు" అని ఒక లిస్టు చూపిస్తది. దాంట్ల తెలుగు ఉంది. నాది లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 29.8 లక్షల మంది. 2018ల అదే యాప్ అమెరికా ఆదివాసీల నవాహో భాషను పెట్టింది, మాట్లాడేవాళ్లు మనకంటే చాలా తక్కువ. అదే ఏడాది క్లింగాన్ కూడా పెట్టింది. క్లింగాన్ ఎక్కడి భాష అనుకుంటున్నరు? ఒక టీవీ సీరియల్‌ల వేరే గ్రహం వాళ్లది. లేని మనుషుల భాషకు జాగా దొరికింది. మన దేశంల కూడా ఎనిమిదో షెడ్యూల్‌ల ఉన్న 22 భాషలకే మొదట పని జరుగుతది, 2003ల సంతాలీ, బోడో చేరినయి, గోండీ బయటనే ఉంది. కొంత కదలిక మాత్రం ఉంది. నార్నూర్ దగ్గర గుంజాలలో దొరికిన గోండీ లిపి 2018ల యూనికోడ్‌లకు ఎక్కింది, కాబట్టి ఫోన్‌ల రాసే దారి తెరుచుకుంది. 2025 సెప్టెంబర్ 1న కేంద్ర గిరిజన శాఖ ఆది వాణి అని అనువాదం యాప్ విడుదల చేసింది. సంతాలీ, భీలీ, ముండారీతోపాటు గోండీ కూడా ఉంది. అయితే బస్తర్ గోండీ, మహారాష్ట్ర గోండీ, మా ఆదిలాబాద్ గోండీ ఒకటి కావు. డౌన్‌లోడ్ చేసి మీ అమ్మకో అమ్మమ్మకో వినిపించండి. ఆమె నవ్విందా, అర్థమైందా, గ్రూపుల రాయండి. దిద్దాల్సింది వాళ్లే, మున్షీలు వాళ్లే.

ఇగ అక్కకు నా జవాబు.

జర్మనీల నర్సు పనికి గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 దాకా అడుగుతరు. ఈ ఏ1, బీ2 మెట్లు యూరప్ కౌన్సిల్ 2001ల పెట్టినవి. యాప్ ఒక్కదానితోటి ఏ1 మాటలు వస్తయి, చదివి గుర్తుపట్టడం వస్తది. బీ2 పరీక్షల మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, లెటర్ రాయాలి. యాప్ నా ఉచ్చారణను ఒప్పుకుంటది, ఎందుకంటే అది ఒప్పుకోకపోతే నేను యాప్ తీసేస్తనని దానికి భయం. మున్షీకి ఆ భయం లేదు. పైగా మా రూంల ఎనిమిది మందిమి. "ఈ వాక్యం గట్టిగా చెప్పు" అని యాప్ అడిగినప్పుడల్లా మెట్ల మీదికి పోవాలి. నేను మెట్ల మీద "ఇష్ బిన్ మ్యూడే", అంటే అలిసిపోయిన అని, పది సార్లు అరిస్తే వాచ్‌మెన్ తాత వచ్చి ఏమైంది బిడ్డా అని అడిగిండు.

కోచింగ్ పేరు చెప్పి ముందే పెద్ద మొత్తం కట్టించుకుని, మధ్యల టీచర్ మానేస్తే ఫోన్ ఎత్తని సెంటర్ల గురించి మన గ్రూపులనే ఇద్దరు రాసిండ్రు. అప్పు చేసి కట్టకండి అక్కా. ముందు మూడు నెలలు ఫ్రీ దారిల పోయి చూడండి. గుడ్లగూబ మాటలకు, డాయిష్ వెల్లె వాళ్ల నీకోస్ వెగ్ అని వీడియో పాఠాలు వినడానికి, అవి ఏ1 నుంచి బీ1 దాకా ఫ్రీ. జపాన్ దిక్కు చూసేటోళ్లకు ఎన్‌హెచ్‌కే పాఠాలు హిందీల కూడా ఉన్నయి. 2019 నుంచి జపాన్ ఇస్తున్న నైపుణ్య కార్మికుల వీసాకు ఎన్4 స్థాయి చాలు, అది బీ2 కంటే దగ్గరి మెట్టు. మూడు నెలలు రోజూ నిలబడగలిగితే అప్పుడు మనిషి దగ్గరికి పోండి. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ ట్రైనింగ్ పెడ్తది, వాళ్ల నోటిఫికేషన్లు చూడండి. బంజారాహిల్స్‌ల గోథే సెంటర్ ఉంది, పరీక్ష రాయాలన్నా అక్కడ అడగొచ్చు, ఫీజు మనకు ఎక్కువే. ఇంకా చిన్నోళ్లకు, ఇంటర్ అయినోళ్లకు చెప్తున్న, తార్నాక దగ్గర ఇఫ్లూ ఉంది. 1958ల ఇంగ్లీష్ సంస్థగా మొదలై, తర్వాత విదేశీ భాషలు చేరి, 2007ల సెంట్రల్ యూనివర్సిటీ అయింది. జర్మన్, జపనీస్‌ల డిగ్రీనే చేయొచ్చు, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉన్నయి. కార్ఖానా నుంచి అంత దూరం కూడా కాదు. మన పిల్లలు ఆ ఫారం నింపడమే తక్కువ, ఎందుకంటే అక్కడ అసొంటి కోర్సు ఉందని మన ఆశ్రమ పాఠశాలలల్ల చెప్పేటోళ్లు లేరు.

మాట్లాడడానికి మనిషి కావాలన్న దానికి మేం ఒకటి మొదలుపెట్టినం. మా హాస్టల్‌ల జర్మన్ చేస్తున్న వాళ్లం నలుగురం, పక్క లేడీస్ హాస్టల్ నుంచి నర్సింగ్ అక్కలు ఇద్దరు. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా గ్రూప్ కాల్ పెట్టుకుంటున్నం. గంటల నలభై నిమిషాలు జర్మన్, తప్పో ఒప్పో. ఒకరు పేషెంట్, ఒకరు నర్సు. చివరి ఇరవై నిమిషాలు అదే ముచ్చట గోండీల, కోయల, లంబాడీల. పోయిన ఆదివారం "ఎక్కడ నొస్తుంది" అనే మాటను ఆరుగురం నాలుగు భాషలల్ల చెప్పినం, జర్మన్ కాకుండా. ఉట్నూర్ అక్క ఒకామె ఆ గోండీ వాక్యాలన్నీ రాస్తున్నది, రేపు జర్మనీ పోకపోయినా ఉట్నూర్ ఏరియా ఆసుపత్రిల తెలుగు నర్సులకు పనికొస్తయని. మా గోండీకి, ఆమె గోండీకి రెండు మాటలు కలవలేదు, అరగంట కొట్లాడినం.

కాల్ లింక్ శనివారం రాత్రి ఇక్కడనే పెడ్త. జర్మన్ అసలు రానోళ్లు కూడా రావచ్చు. డేటా తక్కువ ఉన్నోళ్లు వీడియో బంద్ పెట్టుకోండి.